పులి కట్టిన కోక

తాడోబా అడవిలో ఒక మే నెల పొద్దున, వెదురు పొద ముందు జీపు ఆపించి గైడు వేలు చూపించాడు. పులి ఉందన్నాడు. జీపులో ఉన్న ఆరుగురిలో నలుగురు చూశామన్నారు. నాకు మాత్రం ఎండిన వెదురాకులు, వాటి మధ్య సన్నని నీడలు, నేల మీద రాలిన టేకాకుల తుప్పురంగు తప్ప ఏమీ కనిపించలేదు. పది నిమిషాలు చూశాను. కళ్లు లాగాయి. అప్పుడు ఆ నీడల్లో ఒక తెల్లని చుక్క కదిలింది. పులి చెవి వెనక ఉండే మచ్చ అది. ఈగ వాలితే చెవి విదిల్చింది, అంతే. ఆ చుక్క పట్టుకుని చెవి, చెవి పక్కన చెంప, చెంప కింద మెడ, మెడ నుంచి వీపు... ముగ్గులో చుక్కలు కలుపుకుంటూ పోయినట్టు పులి మొత్తం నా కళ్ల ముందు తయారైంది. ఇరవై గజాల దూరంలో, నాకంటే రెండింతలు బరువున్న జంతువు, కాళ్లు బారజాపుకుని పడుకుని ఉంది. నేను వెతుకుతున్నంతసేపూ అది నన్నే చూస్తూ ఉంది.

ఆ ఏడే కార్తీకమాసంలో శ్రీశైలం వెళుతూ దోర్నాలకు ఇవతల టీ కోసం ఆగాను. రోడ్డు పక్క చేని గట్టు మీద గిలిగిచ్చ మొక్కలు పసుపు పూలతో ఉన్నాయి. ఎండిన కాయ ఊపితే గిలక్కాయలా మోగే మొక్క అది, జనుముకు దగ్గరి చుట్టం. రోడ్డుకు ఈ పక్క నుంచే, ముప్పై గజాల అవతల, ఆ పచ్చదనంలో ఒక నారింజరంగు ముక్క ఎగురుతూ కనిపించింది. వెతకాల్సిన పని పడలేదు. చూడకుండా ఉండటమే కష్టం. దగ్గరికి వెళ్లి చూస్తే పండు నారింజరంగు రెక్కలు, వాటి మీద నల్లని చారలు, అంచున నల్లటి పట్టీ, పట్టీలో రెండు వరసల తెల్లచుక్కలు. ఇంగ్లీషులో దీన్ని స్ట్రైప్డ్ టైగర్ అంటారు. నేను చారల పులి అంటాను. గట్టు మీద మేకలు మేపుకుంటున్న ఒక అవ్వ నన్ను అనుమానంగా చూసింది.

"ఏం పోగొట్టుకున్నావు నాయనా?"

"ఏం లేదవ్వా. ఈ సీతాకోకచిలుకను చూస్తన్నా."

"అదా? దినామూ ఈడే ఉంటది గదా," అని మేకల్ని అదిలించుకుంటూ వెళ్లిపోయింది.

ఆ మాట నాకు చాలాకాలం గుర్తుండిపోయింది. ఒక పులిని చూడటానికి డబ్బు కట్టి, తెల్లవారుజామున లేచి, పది నిమిషాలు కళ్లు చికిలించాల్సి వచ్చింది. రెండో పులి దినమూ ఇక్కడే ఉంటుంది. రంగులు మాత్రం అవే. నారింజ, నలుపు, కాస్త తెలుపు. ఒకే బట్టల అంగడిలో ఒకే తానులోంచి చింపించుకున్నట్టుంటాయి ఈ రెండు కోకలు. ఒకటి దాక్కోవడానికి కట్టుకుంది, ఒకటి కనబడటానికి కట్టుకుంది. ఒకే రంగు రెండు ఎదురెదురు పనులు ఎలా చేస్తోంది? చాలా రోజులు ఈ ప్రశ్నతోనే తిరిగాను. జవాబు రంగులో లేదు, చూసే కంటిలో ఉంది.

ముందు పులి సంగతి. మనకు పులి నిప్పులా మండుతూ కనిపిస్తుంది కదా, అలాంటిది పచ్చని అడవిలో ఎలా దాక్కుంటుందని చిన్నప్పుడు అందరం అడిగిన ప్రశ్నే. పులి దాక్కునేది మన నుంచి కాదు. దుప్పి నుంచి, కడితి నుంచి, అడవిపంది నుంచి. వాటి కంటిలో రంగును పట్టే కణాలు రెండు రకాలే ఉంటాయి. మనకు మూడు. ఆ మూడోది లేకపోవడం వల్ల దుప్పికి ఆకుపచ్చకూ నారింజకూ తేడా తెలియదు. 2019లో ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు కంప్యూటరు సాయంతో ఈ లెక్క తేల్చి చూపించారు. రెండు రంగుల కంటికి పులి నారింజ అడవి పచ్చలో కలిసిపోతుంది. క్షీరదాల వెంట్రుకలో ఆకుపచ్చ రంగు తయారుకాదు. అందుకని పులి పచ్చకోక కట్టలేదు. కట్టనవసరమూ లేదు. దుప్పి కంటికి పులి పచ్చగానే ఉంది.

ఈ విషయం తెలిసిన రోజున అడవిలో ఇంకో సంగతి నాకు కొత్తగా అర్థమైంది. చుక్కల దుప్పులు తరచుగా కొండముచ్చులున్న చెట్ల కింద మేస్తుంటాయి. పై నుంచి కొండముచ్చులు తుంచి పారేసిన లేతాకులు, కాయలు కింద పడతాయి, అవి తింటాయి. కానీ దుప్పికి అక్కడ దొరికేది మేత ఒక్కటే కాదు. కొండముచ్చు కన్ను మన కన్నులాంటిదే, మూడు రంగులది. పొదలో నిప్పుకణికలా ఉన్న పులి దానికి నారింజగానే కనిపిస్తుంది. కనిపించగానే గొంతు చించుకుని దగ్గినట్టు అరుస్తుంది. కింద దుప్పులు తోకలు ఎత్తుతాయి. పులి అందం తెలిసినవాడు చెట్టెక్కి కూర్చుంటే, తెలియనివాడు కింద మేస్తున్నాడు. మన ఆలంకారికులు సహృదయుడు అన్న మాట ఎంతో ఆలోచించి వాడారు. కావ్యం ఎంత గొప్పదైనా దాన్ని అందుకునే హృదయం ఉండాలన్నారు. నల్లమలలో పులికి సహృదయుడు కొండముచ్చు. దుప్పికి పులి చివరి క్షణందాకా గాలి, గడ్డి, నీడ.

ఇప్పుడు చారల పులి. దీన్ని చూడాల్సింది దుప్పి కాదు, పిట్ట. పిట్ట కంటిలో రంగు కణాలు నాలుగు రకాలు. మనకంటే ఒకటి ఎక్కువ. మనకు నారింజగా కనిపించేది దానికి ఇంకెంత కణకణమంటూ కనిపిస్తుందో ఊహించుకోవాల్సిందే. ఆ పిట్టకు కనబడాలనే ఈ పురుగు ఈ కోక కట్టింది. ఎందుకంటే దీని ఒంట్లో చేదుంది. ఇది గొంగళిపురుగుగా ఉన్నప్పుడు జిల్లేడు వంశపు పాలతీగల ఆకులు తింటుంది. రెక్కలొచ్చాక మగవి గిలిగిచ్చ, నాగదంతి మొక్కల వాడిన ఆకుల్నీ కొమ్మల్నీ గీరి ఆ రసం పీలుస్తాయి. ఇంకో జంతువు తింటే జబ్బు చేసే రసాలను ఇది ఒంట్లో దాచుకుంటుంది. నేను చేదు, నన్ను ముట్టకు అని ఆ దాచుకున్నదాన్ని రెక్కల మీద రాసుకుని తిరుగుతుంది. చూసినవాడు గుర్తుపెట్టుకోవాలంటే రాత ముదురుగా ఉండాలి, ఒకేలా ఉండాలి, ఎప్పుడూ కనబడుతూ ఉండాలి. అందుకే దాని ఎగురుడులో తొందర ఉండదు. మిగతా సీతాకోకలు తరుముతున్నట్టు చటుక్కు చటుక్కున మలుపులు తిరిగితే, ఇది నాలుగు సార్లు రెక్కలాడించి, రెక్కలు బారచాచి, గాలి మీద తేలుతూ సాగుతుంది. ఊరేగింపులో దేవుడి పల్లకీ నడక అది.

పులి నడకలోనూ తొందర లేదు. ముందరి కాలు మోపిన చోటే వెనక కాలు మోపుతుంది, అందుకే ఎండుటాకుల మీద కూడా చప్పుడు సగమే. ఈ రెండింటికీ తొందర లేకపోవడం చూస్తే ఒకే రాజసం అనిపిస్తుంది. పులికి ఎవరూ ఎదురు లేరు. చారల పులికి ఎవరితోనూ పని లేదు.

భరతుడు నాట్యశాస్త్రంలో ఒక్కో రసానికి ఒక్కో రంగు చెప్పాడు. అద్భుతానికి పసుపు. భయానకానికి నలుపు. హాస్యానికి తెలుపు. ఈ సంగతి ఎన్నోసార్లు చదివాను గానీ, గట్టు మీద ఆ రెక్కలు చూసిన రోజునే అది నా ముందు రెక్కలు విప్పింది. పసుపు ముదిరితే నారింజ. పులి ఒళ్లంతా అద్భుతం మీద గీసిన భయానకం. చారల పులి కూడా అదే. ఈ రెండు రసాలు ఒకదాని పక్కన ఒకటి పెడితే మన చూపు కదలదు. ఆశ్చర్యం ముందుకు లాగుతుంది, భయం వెనక్కి లాగుతుంది. ఆ రెండు లాగుడుల మధ్య కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. తాడోబాలో జీపులో ఆరుగురం ఎందుకు ఊపిరి బిగబట్టామో ఇప్పుడు చెప్పగలను.

భరతుడే ఇంకో మాట కూడా అన్నాడు. వీరం నుంచి అద్భుతం పుడుతుందట, బీభత్సం నుంచి భయానకం పుడుతుందట. ఈ రెండు కోకల పుట్టుపూర్వోత్తరాలు ఇంతకంటే పొందికగా చెప్పినవాళ్లు నాకు కనబడలేదు. పులిని చూస్తే కలిగే ఆశ్చర్యం దాని బలం నుంచి, పరాక్రమం నుంచి వస్తుంది. అది వీరంలోంచి పుట్టిన అద్భుతం. సీతాకోక దారి వేరు. ఏ అనుభవమూ లేని కుర్ర పిట్ట ఒకటి చేదు సీతాకోకను పట్టి మింగుతుంది. కాసేపటికి తల విదిలిస్తుంది, ముక్కు కొమ్మకు రాస్తుంది, కక్కేస్తుంది. అమెరికాలో లింకన్ బ్రోవర్ అనే శాస్త్రజ్ఞుడు మోనార్క్ సీతాకోకతో ఈ పరీక్ష చేసి, నీలిరంగు జే పిట్ట వాంతి చేసుకోవడం ఫొటో తీశాడు. ఆ మోనార్క్ మన చారల పులికి అక్కచెల్లెల వరస, రెక్కల తీరు కూడా అదే. ఒకసారి కక్కిన పిట్ట మళ్లీ ఆ రంగు జోలికి పోదు. మొదట జుగుప్స, ఆ తర్వాత భయం. బీభత్సం భయానకాన్ని కనడమంటే ఇదే. నాటకశాల కోసం రాసిన సూత్రం చేని గట్టు మీద, ఒక పిట్ట కడుపులో, తు.చ. తప్పకుండా జరుగుతోంది.

మరి తెలుపు? పులికి కళ్ల మీద, చెంపల మీద, పొట్ట కింద తెలుపుంది. అది బరువైన తెలుపు, ముఖాన్ని ఇంకా గంభీరం చేసే తెలుపు. చారల పులి అంచు చుక్కలు అలా కాదు. నల్లటి పట్టు అంచుకు ముత్యాలు కుట్టినట్టు అవి తేలికగా మెరుస్తాయి. తల మీద, రొమ్ము మీద కూడా నలుపులో తెల్లచుక్కలే. భరతుడి లెక్కన తెలుపు నవ్వుది. అంత చేదు మోస్తున్న జీవి ఒంటి నిండా ఇంత నవ్వు చల్లుకుని తిరగడం నాకు చాలా నచ్చుతుంది.

ఇక పనితనం దగ్గరికి వద్దాం. ఇక్కడే ఈ రెండు కోకల మధ్య అసలు తేడా బయటపడుతుంది.

సీతాకోకను వేలి మీద వాలనిచ్చి, లేదా పువ్వు మీద ఉండగా మోకాళ్ల మీద వంగి, రెక్క దగ్గరగా చూడండి. ఆ నల్ల చారలు ఎక్కడపడితే అక్కడ లేవు. రెక్కలో ఈనెలు ఉంటాయి, ఆకులో ఉన్నట్టు. ఆ ఈనెల వెంబడే నలుపు పారింది. రెక్కను నిలబెట్టే ఎముకే రెక్క మీద గీత. ఈనెకూ ఈనెకూ మధ్య ఉన్న గదుల్లో నారింజ నింపారు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ల పని చూసినవాళ్లకు ఇది వెంటనే తెలిసిపోతుంది. కరక్కాయ రసంలో, పాలలో తడిపి ఆరేసిన గుడ్డ మీద మొదట నల్లగీత పడుతుంది. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో నానేసి పులియబెట్టిన నలుపు అది. వెదురు కలంతో ఆ గీత గీసిన తర్వాతే లోపలి గదులకు రంగులు. గీత తప్పితే బొమ్మే తప్పుతుంది. చారల పులి అచ్చమైన కలంకారీ. కట్టడమే అలంకారం అయిన చోట అందానికి అబద్ధమాడే అవకాశం ఉండదు.

పులి చార ఆ పని చేయదు. పక్కటెముక ఎక్కడుందో, కండ ఎక్కడ తిరిగిందో దానికి పట్టదు. వెన్ను నుంచి పొట్టవైపు అడ్డంగా దిగుతుంది, మధ్యలో చీలుతుంది, ఒక్కోచోట రెండుగా విడి మళ్లీ కలుస్తుంది, హఠాత్తుగా ఆగిపోతుంది. ఒంటి ఆకారాన్ని చెప్పడం దాని పని కాదు, చెరపడం దాని పని. చార అంచు చూడండి, కత్తితో కోసినట్టు ఉండదు. నల్ల వెంట్రుకలు నారింజ వెంట్రుకల్లోకి పీచులు పీచులుగా చొరబడతాయి. ఇది పోచంపల్లి పని. నేసిన గుడ్డ మీద రంగు వేయరు కదా అక్కడ, నూలుపోగులకే ముడులు కట్టి రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గం ఎక్కిస్తారు. అందుకే పోచంపల్లి బొమ్మ అంచు ఎప్పుడూ కాస్త చెదిరి, నీళ్లలో చూసినట్టు వణుకుతుంది. ఆ వణుకే దాని అందం. పులి కదిలినప్పుడు చారలు అలాగే వణుకుతాయి, గడ్డి వణికినట్టు. ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు. ఒకే పులికి కుడి పక్క ఒక తీరు, ఎడమ పక్క ఇంకో తీరు.

ఒకటి కలంకారీ, ఒకటి పోచంపల్లి. తెలుగువాళ్లం పురుగుకు పెట్టిన పేరులోనే కోక ఉంది. సీత కోక చిలుక. ఇంత చిన్న ప్రాణిని చూసి చీర గుర్తుకు తెచ్చుకున్న మన పూర్వీకుల కన్ను గొప్పది. దాన్ని పువ్వుతో పోల్చలేదు, ఆభరణంతో పోల్చలేదు. కట్టుకునే గుడ్డతో పోల్చారు. అంచు, కొంగు, చుక్క, చార, అన్నీ ఉన్న గుడ్డ. పులికి ఆ పేరు దక్కలేదు గానీ, శ్రీశైలంలో కొలువున్న స్వామి కట్టుబట్ట పులితోలే కదా. కాబట్టి అదీ కోకే.

చేతితో తాకితే తేడా ఇంకా లోతుగా తెలుస్తుంది. చిన్నతనంలో సీతాకోకను పట్టుకుని వదిలేసినవాళ్లందరికీ తెలుసు, వేళ్లకు పొడి అంటుకుంటుంది. అది రంగే. పెంకుటింటి మీద పెంకులు పరిచినట్టు రెక్క నిండా సన్నని పొలుసులు వరసలు వరసలుగా ఉంటాయి. ఒక్కో పొలుసుకు ఒక్కో రంగు. రాలిపోతే కింద మిగిలేది గాజు కాగితం లాంటి పొర. ఆ అద్భుతమంతా పైపొర మీద, ఊదితే పోయేంత పలచన. పులి రంగు అలా కాదు. దాని వెంట్రుకలు గొరిగినా చర్మం మీద అవే చారలు ఉంటాయి. పులిది ఒంట్లో ఇంకిన రంగు. రెండింటి నలుపూ మెలనిన్ జాతిదే. నారింజ దగ్గర దారులు విడిపోయాయి. పులి వెంట్రుకలో నారింజ కూడా ఒక రకం మెలనినే. సీతాకోక తన నారింజను వేరే రంగుద్రవ్యంతో వండుకుంది. రెండు వంటిళ్లలో రెండు దినుసులతో చేసిన కూర ఒకే రంగుకు రావడం నాకెప్పుడూ ఆశ్చర్యమే.

వాసన గురించి కూడా ఒక మాట. పులి తన సరిహద్దు చెట్ల మీద చిమ్మే ద్రవంలో బాస్మతి అన్నం వాసన ఉంటుంది. కలకత్తాలో పనిచేసిన రతన్‌లాల్ బ్రహ్మచారి అనే శాస్త్రజ్ఞుడు దీని మీద చాలా కాలం పరిశోధన చేసి, బాస్మతికి పరిమళం ఇచ్చే పదార్థమే పులి ద్రవంలోనూ ఉందని తేల్చాడు. చారల పులి మగది తక్కువ తినలేదు. దాని పొట్ట చివర కుంచెల్లాంటి కేశాలు దాచుకుని ఉంటాయి. ఆడదాని దగ్గరకు వచ్చినప్పుడు వాటిని విప్పి, గిలిగిచ్చ రసంతో తయారుచేసుకున్న పరిమళం వెదజల్లుతుంది. పిట్టకు చేదైన రసమే ప్రియురాలికి అత్తరు. భయానకానికీ శృంగారానికీ ఒకే సీసా.

ఈ కోకను అరువు తెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లను వదిలిపెట్టి ఈ మాట ముగించలేను. దసరాకో పీర్ల పండక్కో డప్పు మోగుతుంటే ఒంటి నిండా పసుపు పూసుకుని, నల్ల చారలు దిద్దించుకుని, తోక కట్టుకుని పులివేషగాడు వీధిలోకి దూకేవాడు. మా ఊళ్లో ఆ వేషం వేసే మనిషి మామూలు రోజుల్లో ఎవరికీ కనబడేవాడు కాదు. ఆ రోజు మాత్రం ఊరంతా అతన్నే చూసేది, పిల్లలం కెవ్వున అరిచి తలుపుల వెనక దాక్కునేవాళ్లం, మళ్లీ తొంగిచూసేవాళ్లం. పులివేషం పులి లాంటిది కాదని ఇప్పుడనిపిస్తోంది. పులి చారలు దాక్కోవడానికి. వేషగాడి చారలు అందరూ చూడటానికి. అతను పులి బట్టలు కట్టిన సీతాకోక.

సీతాకోకల్లోనూ పులివేషం ఉంది. చారల పులికి ఒక చెల్లెలుంది, ప్లెయిన్ టైగర్ అని, సాదా పులి. చారలుండవు, నిండు నారింజ మీద రెక్క కొసన నలుపు, నలుపులో తెల్లపట్టీ. ఇది జిల్లేడు మీద పెరుగుతుంది, కాబట్టి మన వీధుల్లోనే ఉంటుంది. దీనికి అచ్చుగుద్దినట్టుండే ఇంకో సీతాకోక ఉంది, డనాయిడ్ ఎగ్‌ఫ్లై అంటారు. అందులో ఆడది మాత్రమే ఈ వేషం వేస్తుంది. మగది నల్లటి రెక్కల మీద గుండ్రని తెల్లమచ్చలు, వాటి చుట్టూ ఊదారంగు మెరుపుతో పూర్తిగా వేరే తీరు. రెండింటినీ పక్కపక్కన పెడితే మొగుడూ పెళ్లాలంటే ఎవరూ నమ్మరు. ఆ ఆడదాని ఒంట్లో చేదు లేదు. దాని పిల్లలు తినేది మనం పప్పులో వేసుకునే గంగపాయలకూర. అయినా సాదా పులి కోక కట్టుకుని, సాదా పులిలాగే నిదానంగా ఎగురుతూ, పిట్టల మధ్య నుంచి దాటిపోతుంది. 1862లో హెన్రీ వాల్టర్ బేట్స్ అనే శాస్త్రజ్ఞుడు అమెజాన్ అడవుల సీతాకోకల్లో ఈ రకం వేషధారణను లోకానికి వివరించాడు. నటనలో ఆహార్యం, అంటే వేషం, సగం. ఆంగికం, అంటే ఒంటి కదలిక, సగం. ఈ ఆడ సీతాకోక రెండింటినీ సాధించింది.

జీవులకు శాస్త్రీయనామాలు పెట్టిన లిన్నేయస్ 1758లో అచ్చువేసిన తన గ్రంథంలో పులికి పేరు పెట్టాడు. అదే గ్రంథంలో సాదా పులికీ పేరు పెట్టాడు. శాస్త్రం ఈ రెండింటినీ ఒకే అట్ట మధ్య చేర్చింది. చారల పులి మాత్రం 1779 దాకా ఆగాల్సి వచ్చింది, క్రామర్ అనే డచ్చి ఆయన దానికి పేరు పెట్టాడు.

ఒక పాత జమీందారీ బంగళాలో గోడకు కొట్టిన పులితోలు చూశాను. తల ఉంది, గాజుకళ్లు ఉన్నాయి, నోరు తెరిచి కోరలు చూపిస్తోంది. చారలు ఒక్కటీ చెరగలేదు. కానీ అది నాకు వికారంగా అనిపించింది. తెల్ల సున్నం గోడ మీద ఆ చారలకు కలిసిపోయే చోటు లేదు, కలిసిపోలేని చార నల్లమరకే. పులి అందం ధ్వని. చెప్పకుండా చెప్పేది, కనబడకుండా కనబడేది. గోడ మీద దాన్ని పరిచినవాడు ధ్వనిని చంపి అక్షరాలు మేకులతో కొట్టాడు. సీతాకోకను గుండుసూదితో గుచ్చి గాజుపెట్టెలో పెట్టినవీ చూశాను. రంగు అలాగే ఉంది. ఆ నిదానపు తేలుడు లేదు. నన్ను ముట్టకు అని ధీమాగా చెప్పిన మాట, ముట్టి గుచ్చేశాక ఎవరికి?

ఈ రెండింటిలో ఏది గొప్పదని అడిగేవాళ్లుంటారు. నా మట్టుకు నేను చారల పులికే ఓటేస్తాను. పులికి కోరలున్నాయి, గోళ్లున్నాయి, రెండు వందల కిలోల బరువుంది. అయినా అది దాక్కుంటుంది. గ్రాము బరువు కూడా లేని ఈ పురుగుకు కోర లేదు, గోరు లేదు. ఉన్నదల్లా రెక్కలు. ఆ రెక్కల్నే జెండాలా ఎత్తి, పట్టపగలు, పిట్టలన్నీ చూస్తుండగా తిరుగుతుంది. పెళుసుదనంలోంచి ఇంత ధైర్యం పుట్టించిన కోక ఇంకొకటి నేను చూడలేదు. ధ్వని గొప్పదే, కాదనను. కానీ ఉన్నమాట ఉన్నట్టు చెప్పి కూడా కవిత్వం కావడం ఇంకా కష్టం.

పులి చారలకు ఈ మధ్య ఇంకో పని వచ్చింది. అడవి బాటల పక్కన చెట్లకు కెమెరాలు కట్టి, వచ్చిన ఫొటోల్లో చారలు పోల్చి ఒక్కో పులిని గుర్తిస్తున్నారు. కర్ణాటకలో నాగరహొళె అడవుల్లో పులుల శాస్త్రజ్ఞుడు ఉల్లాస్ కారంత్ ఈ పద్ధతికి దారి వేశారు. దాక్కోవడానికి కట్టుకున్న కోకే ఇప్పుడు పులికి వేలిముద్ర. 2022 గణనను బట్టి దేశంలో 3,682 పులులు ఉన్నాయని అంచనా. దేశంలో అన్నిటికంటే విశాలమైన పులుల అభయారణ్యం మన నాగార్జునసాగర్ శ్రీశైలం. దుప్పి కన్ను, కొండముచ్చు కన్ను, కెమెరా కన్ను, మూడూ ఆ అడవిలో ఒకే కోకను మూడు రకాలుగా చదువుతున్నాయి.

సీతాకోకలను ఇలా లెక్కపెట్టేవాళ్లు తక్కువ. గిలిగిచ్చనూ పాలతీగనూ పిచ్చిమొక్కలని గట్టు మీద నుంచి పీకేస్తాం, మందు కొడతాం. గట్టు నున్నగా కనిపిస్తుంది. దినామూ ఈడే ఉంటది గదా అన్న అవ్వ మాట నిజం కావాలంటే ఆ గట్టు మీద ఆ నాలుగు మొక్కలు ఉండాలి.

తాడోబా దాకా వెళ్లలేనివాళ్లు మీ వీధి చివర జిల్లేడు దగ్గరికి వెళ్లండి. వాన వెలిసిన రోజుల్లో అయితే మంచిది. లేతాకు తిప్పి చూస్తే కింద సాదా పులి తెల్లటి గుడ్డు ఒక్కటే ఉండొచ్చు, గసగసంత. లేకపోతే నలుపు, తెలుపు, పసుపు పట్టీల గొంగళిపురుగు ఆకు అంచు కొరుకుతూ ఉండొచ్చు. పులిపిల్ల చారలతోనే పుడుతుంది, ఇదీ చారలతోనే పెరుగుతుంది. పొదలో ఎక్కడైనా బంగారు చుక్కల గూడు వేలాడుతుంటే దాన్ని కదపకండి, రోజూ వెళ్లి చూసి రండి. విప్పుకునే ముందు రోజు ఆ గూడు పొర గాజులా పలచబడి, లోపల మడిచిన నారింజకోక బయటికి కనిపిస్తుంది. ఆకు తుంచకుండా తిప్పండి. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం.